జంటగా తిరిగే పిల్లులకు ఒకే రోజున ఆపరేషన్

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో పెరంబూరు, విల్లివాక్కం, కోడంబాక్కం వంటి ప్రాంతాల్లో మన తెలుగు కుటుంబాలు కాపురముంటున్న వీధుల్లోనూ, అపార్టుమెంట్ల కింద కార్లు నిలిపే చోట్లా, ఇంటి పిల్లి అనీ వీధి పిల్లి అనీ తేల్చి చెప్పలేని పిల్లులు చాలా ఉంటాయి. ఒక ఇంటివారు ఉదయం పాలన్నం పెడతారు, మరొక ఇంటివారు చేపలు కడిగిన రోజున తలకాయలు వేస్తారు, రాత్రి అవి ఏ గోడ మీద పడుకుంటాయో ఎవరికీ పట్టదు. వీటిలో ఒకే ఈతలో పుట్టి, తల్లి దూరమైన తరువాత కూడా విడిపోకుండా కలిసి తిని, ఒకదాని మీద ఒకటి తల ఆనించి నిద్రపోయే తోబుట్టువుల జంటలు తరచుగా కనిపిస్తాయి. అటువంటి జంటకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించడం గురించి, అందులోనూ రెండింటికీ ఒకే రోజున చేయించడం ఎందుకు మేలన్న దాని గురించి ఈరోజు మాట్లాడతాను.

అవి అన్నాచెల్లెళ్లు కదా, ఇప్పుడే తొందరేమిటని అన్నం పెట్టేవారు అంటుంటారు. పిల్లులకు వావివరసలు లేవు. ఆడపిల్లి నాలుగు నెలల వయసులోనే ఎదకు రావచ్చు, మగపిల్లి అయిదారు నెలలు నిండేసరికి సిద్ధమవుతుంది, పక్కనే పడుకునే తోబుట్టువు కన్నా దానికి దగ్గర ఎవరుంటారు? చూలు నిలిచాక సుమారు తొమ్మిది వారాలకు మూడు నుంచి అయిదు కూనలు పుడతాయి, వాటికి పాలిస్తూ ఉండగానే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. చల్లని దేశాల్లో పగలు పొడవుగా ఉండే నెలల్లోనే పిల్లులు ఎదకు వస్తాయి. చెన్నై 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నందున ఏడాది మొత్తం మీద పగటి పొడవులో తేడా సుమారు గంటన్నర మాత్రమే, కాబట్టి ఇక్కడ వాటికి ఏ నెలైనా ఒకటే. అర్ధరాత్రి పిట్టగోడ మీద పిల్లి ఏడుస్తోందని, అది అపశకునమని చెంబెడు నీళ్లు విసిరేవారు ఇప్పటికీ ఉన్నారు. అది చాలాసార్లు ఎదకు వచ్చిన పిల్లి పిలుపు మాత్రమే. జత కుదరకపోతే రెండు మూడు వారాలకొకసారి ఆ పిలుపు మళ్లీ వినబడుతూనే ఉంటుంది.

ఒక ఈత అయితే గాని ఆడపిల్లికి ఆపరేషన్ చేయించకూడదన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో గాని, అందులో నిజం లేదు. ఆరు నెలలు నిండకముందే గర్భసంచి, అండాశయాలు తీయించిన ఆడపిల్లులకు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 90 శాతం వరకు తగ్గుతుంది, గర్భసంచిలో చీము పట్టే ప్రాణాంతకమైన జబ్బు భయం తొలగిపోతుంది. రెండు నెలలు నిండి, బరువు కిలో దాటిన ఆరోగ్యమైన కూనకు అనుభవమున్న పశువైద్యులు ఈ ఆపరేషన్ చేయగలరు. అయిదు నెలలు నిండేలోగా రెండింటికీ పూర్తి చేయించడం మంచిది.

రెండింటిలో ఏది ఆడో ఏది మగో చిన్నతనంలో పోల్చుకోవడం కష్టమే అయినా, ఒంటి రంగు కొంత సాయపడుతుంది. తెలుపు, నలుపు, పసుపు మూడు రంగులూ కలిసినది దాదాపు ఎప్పుడూ ఆడదే. ఒంటి నిండా పసుపురంగు ఉన్నవాటిలో ఎక్కువ శాతం మగవి. ఆ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండడమే ఇందుకు కారణం. అయితే రంగు చూసి రెండూ ఆడవేనని తీర్మానించుకొని ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించాలి.

మగపిల్లికి జరిగేది చిన్న ఆపరేషన్. వృషణాలు తీసేస్తారు, సాధారణంగా కుట్లు కూడా అవసరముండవు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆపరేషన్ అయిన తరువాత కూడా నాళాల్లో మిగిలిన వీర్యకణాల వల్ల నాలుగు నుంచి ఆరు వారాల పాటు అది చూలు చేయగలదు. ఖర్చు తక్కువని ముందు అన్నకు చేయించి, చెల్లెలి సంగతి వచ్చే నెల చూద్దామనుకున్న ఇళ్లలో కూనలు పుట్టడానికి ఇదొక కారణం, వీధిలోని మరో గండుపిల్లి రెండో కారణం. డబ్బు ఒక్కదానికే సరిపోయే పరిస్థితి ఉంటే ముందు ఆడదానికే చేయించాలని నా అభిప్రాయం.

ఇక ఒకే రోజున అని ఎందుకంటున్నానో చెబుతాను. మనం మనిషిని ముఖం చూసి గుర్తుపడతాం, పిల్లి మాత్రం తన వారిని ప్రధానంగా వాసన పట్టి గుర్తిస్తుంది. కలిసి బతికే పిల్లులు బుగ్గలు, పక్కలు ఒకదానికొకటి రాసుకుంటూ తమ జంటకంతటికీ ఉమ్మడి వాసన ఒకటి తయారు చేసుకుంటాయి. ఒక్కదాన్నే తీసుకువెళ్లి తెచ్చినప్పుడు దాని ఒంటి మీద స్పిరిటు, మందులు, ఆసుపత్రిలోని కుక్కలు, తన సొంత భయం, అన్నీ కలిసిన కొత్త వాసన ఉంటుంది. ఇంటి దగ్గర ఉండిపోయిన తోబుట్టువు ఆత్రంగా ఎదురువచ్చి, మెడ దగ్గర ఒకసారి వాసన చూసి, చెవులు వెనక్కి వాల్చి, తోక చీపురులా ఉబ్బించి బుస కొడుతుంది. మత్తు పూర్తిగా వదలని రెండోది అడుగు తడబడుతూ దగ్గరకు వస్తే పంజా విసురుతుంది. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవి ఇవాళ శత్రువులయ్యాయేమిటని ఇంటివారు బెంబేలెత్తిపోతారు. రెండూ కలిసి వెళ్లి కలిసి తిరిగివస్తే రెండింటికీ ఒకే వాసన అంటుకుంటుంది గనుక ఈ గొడవ చాలా వరకు తప్పుతుంది.

ఒక్కదానికే చేయించక తప్పనప్పుడు, తిరిగివచ్చిన పిల్లిని ఒకటి రెండు రోజులు వేరే గదిలో ఉంచి, పొడిగుడ్డతో ఒకదాని బుగ్గలు తుడిచి ఆ గుడ్డను రెండోది పడుకునే చోట వేయాలి. మూసిన తలుపుకు అటూ ఇటూ రెండింటికీ అన్నం పెట్టడం కూడా పనిచేస్తుంది. బలవంతంగా ఒకచోట చేర్చడం, బుస కొట్టినదాన్ని తిట్టడం వల్ల పగ ముదురుతుంది తప్ప తగ్గదు.

బయట తిరిగే పిల్లులను పట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద పని. ఒకదాన్ని బుట్టలో వేసిన క్షణంలో రెండోది గోడ దూకి పారిపోతుంది కాబట్టి, కొన్ని రోజుల ముందు నుంచి బుట్టల్లోనే అన్నం పెట్టి అలవాటు చేయడం తెలివైన పద్ధతి. పిల్లి పెట్టె లేనివారు ఒక ప్లాస్టిక్ బుట్ట మీద మరొకటి బోర్లించి తాడుతో గట్టిగా కట్టి ఆటోలో తీసుకువెళుతుంటారు, తాడు సరిగా బిగిస్తే అది చాలు, గోనెసంచి మాత్రం వద్దు. పెద్ద పిల్లులను ఎన్ని గంటలు పస్తుంచాలో డాక్టరు చెబుతారు, నాలుగు నెలల లోపు కూనలను నాలుగు గంటలకు మించి పస్తుంచకూడదు. మీరు పస్తుంచినా పక్కింటివారు పెట్టేస్తారు, కాబట్టి వారికి ముందురోజే చెప్పాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఊళ్లో పడే వానల్లో, లోపల ఉంచుకునే చోటు లేకుండా ఆపరేషన్ చేయించవద్దు. 1903లో ప్రారంభమై నేడు వేపేరిలో ఉన్న మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రిలో గాని, 1959లో స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియాలో గాని, మీ పేటలోని పశువైద్యుల వద్ద గాని ఒకేరోజు రెండింటికీ వీలవుతుందా అని ముందే అడిగి తెలుసుకోండి.

ఇంటికి తెచ్చిన రాత్రి రెండింటినీ ఒకే గదిలో, విడివిడి బుట్టల్లో ఉంచాలి, మగదానికి ముందుగా తెలివి వచ్చి తూలుతున్న చెల్లెలి మీద పడవచ్చు. ఆ గదిని ఫినాయిల్‌తో కడగవద్దు, అది పిల్లులకు విషం. నొప్పి అనిపించి మన పారాసిటమాల్ మాత్ర పావు వంతైనా వేయవద్దు, దానితో పిల్లి చనిపోతుంది. మగదాన్ని ఒకటి రెండు రోజుల్లో వదలవచ్చు గాని, ఆడదాని కోత మానడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అన్నిరోజులు లోపల ఉంచడం వీలుకాకపోతే ఎప్పుడు వదలవచ్చో డాక్టరునే అడగండి, కోత దగ్గర వాపు, రసి కనిపిస్తే వెంటనే తిరిగి తీసుకువెళ్లండి.

మత్తులో ఉన్నప్పుడే చేయించవలసినవి మరో రెండున్నాయి. మూడు నెలలు నిండినవాటికి రేబిస్ టీకా వేయించండి, దాన్ని ఏడాదికొకసారి మళ్లీ వేయించాలి. వీధిలోనే తిరిగే పిల్లులైతే ఎడమ చెవి కొసను సుమారు సెంటీమీటరు మేర నేరుగా కత్తిరించమని అడగండి. నొప్పి తెలియదు, త్వరగా మానిపోతుంది, దూరం నుంచి చూసినా గుర్తుపట్టవచ్చు. ఆ గుర్తు లేకపోతే, మీరు ఊరెళ్లినప్పుడు మరొకరు అదే పిల్లిని పట్టుకువెళ్లి, మళ్లీ మత్తిచ్చి, కడుపు మీద బొచ్చు గొరిగించి, పాత కోత చూసి వెనక్కి తెస్తారు.