దగ్గితే రక్తం పడుతోందా? ఎక్స్‌రేతో ఆగకండి

యాంకర్: టీబీ కోర్సు పూర్తయి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు దగ్గితే రక్తం పడుతోంది. టీబీ తిరగబెట్టిందనే కదా ఎవరైనా అనుకునేది?

ఊపిరితిత్తుల డాక్టర్: అలా అనుకునే పరీక్షల్లేకుండా పాత మందులు మళ్లీ మొదలుపెడతారు. అదే నాకు బాధండీ. కళ్లె పరీక్షలో క్రిమి దొరికితే మందులు వాడాల్సిందే. దొరక్కపోతే? టీబీ తగ్గినా అది చేసిన గుంత ఊపిరితిత్తిలో అలాగే ఉంటుంది, గాలి గొట్టాలు సాగిపోయి ఉంటాయి. రక్తం అక్కణ్నుంచి వస్తుంటే టీబీ మాత్రలేం చేస్తాయి?

యాంకర్: మేడమ్, ఎక్స్‌రేలో తెలియదా?

రేడియాలజిస్ట్: మొదట తీసేది అదే. కానీ ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన లోపల ఏమీ లేదనుకోకూడదు. చిన్న గడ్డ గుండె నీడ వెనక దాగిపోవచ్చు. సీటీలో అయితే పాత గుంతలో ఫంగస్ ఉండ కట్టినా కనిపిస్తుంది. ఉండ మీద నెలవంకలా గాలి ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి తీస్తే ఉండ జరుగుతుంది కూడా.

యాంకర్: రక్తం ఏ నాళం నుంచి వస్తోందో?

రేడియాలజిస్ట్: దానికి చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు, అంటే స్కాన్‌లో రక్తనాళాలు తెల్లగా కనిపించేలా చేసే మందు ఎక్కించి సీటీ యాంజియో, అంటే రక్తనాళాల స్కాన్ తీయాలి. ఎక్కువగా రక్తం పడే కేసుల్లో దాదాపు పదింట తొమ్మిది బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) నుంచి వచ్చే సన్నని బ్రాంకియల్ ధమనులవే, అంటే గాలి గొట్టాలకు రక్తం అందించే నాళాలవే. వాటి వెడల్పు 2 మిల్లీమీటర్లు దాటితే ఉబ్బినట్టే లెక్క. మందు బృహద్ధమనిలో నిండిన క్షణంలో స్కాన్ పడాలి. కొన్నిసార్లు మెడ కింది నాళాలు, పొట్ట పైభాగం నాళాలు కూడా ఊపిరితిత్తికి రక్తం పంపుతుంటాయి, అక్కడిదాకా తీయాలి. అందుకే డాక్టర్లను వేడుకుంటున్నా: చీటీ మీద ‘సీటీ ఛెస్ట్’ అని వదిలేయకండి, రక్తం పడుతోందని రాయండి.

యాంకర్: నాళం దొరికాక?

రేడియాలజిస్ట్: తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి, సూక్ష్మమైన రేణువులతో మూసేస్తాం. 1970ల్లో ఫ్రాన్స్‌లో జాక్ రెమీ బృందం మొదలుపెట్టిన పద్ధతి. వెన్నుపాముకు వెళ్లే కొమ్మ ఆ నాళంలోంచే పుడితే కాళ్లు పడిపోయే ప్రమాదముంది. అది చూడకుండా రేణువులు వదలం.

ఊపిరితిత్తుల డాక్టర్: ఫంగస్ ఉండ ఉంటే మళ్లీ రక్తం పడొచ్చు. శరీరం తట్టుకోగలిగితే ఆపరేషన్ ఆలోచిస్తాం.

యాంకర్: ఆస్పత్రికి చేరేలోపు ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

ఊపిరితిత్తుల డాక్టర్: జబ్బు ఏ వైపో తెలిస్తే ఆ వైపుకే ఒత్తిగిలి పడుకోబెట్టండి. ఇందులో ప్రాణం ఎక్కువగా పోయేది రక్తం తగ్గి కాదు, బాగున్న ఊపిరితిత్తి కూడా రక్తంతో నిండి ఊపిరాడక. పాత ఎక్స్‌రేలు, స్కాన్ ఫిల్ములు ఉంటే వెంట తీసుకురండి.