అమ్మలో రెండు ‘మ’లు: కుటుంబం ఎమోజీ కథ

[దృశ్యం: విశాఖపట్నం ఆర్కే బీచ్, సాయంత్రం. ఇసుక మీద కూర్చున్నవాళ్ల వెనుకగా కెమెరా నెమ్మదిగా సాగుతుంది. ముఖాలు కనిపించవు.]

వ్యాఖ్యాత: ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ ఒక పావుగంట కూర్చోండి. మనవడి చెయ్యి వదలని మామ్మ కనిపిస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు అలల్లోకి పరుగెత్తకుండా అరుస్తూ ఒక తండ్రి, ఒక్కడే. ఇంకో పక్క ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల మధ్య ఒక పాప. ఆ ఇద్దరూ అక్కచెల్లెళ్లో, స్నేహితురాళ్లో, కాపురం చేస్తున్న జంటో మనకు తెలియదు, అడగాల్సిన పనీ లేదు. ఇప్పుడు ఫోను తీసి వీళ్లకు తలా ఒక కుటుంబం ఎమోజీ వెతకండి.

[తెర మీద: నాన్న, అమ్మ, అబ్బాయి ఉన్న పాత ఎమోజీ]

కంప్యూటర్లలో, ఫోన్లలో వాడే అక్షరాలకు, గుర్తులకు ఉమ్మడి పట్టిక తయారుచేసే సంస్థ యూనికోడ్. 2010లో అది ఎమోజీలను తన పట్టికలో చేర్చుకున్నప్పుడు కుటుంబానికి దక్కింది ఒకే ఒక్క గుర్తు. ఆపిల్ దానికి ఒక నాన్నను, ఒక అమ్మను, ఒక కొడుకును గీసింది. మన కుటుంబ నియంత్రణ గోడబొమ్మల్లో నయం, ఇద్దరు పిల్లలైనా ఉండేవారు! చేతులు పట్టుకున్న ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు కూడా అదే పట్టికలో ఉన్నారు. కాని వాళ్లకు పిల్లలు లేరు. ఇద్దరు అమ్మలు, ఇద్దరు నాన్నలు ఉన్న ఇళ్లు ఐఫోన్ కీబోర్డులోకి వచ్చింది 2015 ఏప్రిల్‌లో, ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 8.3తో. ఒంటరి తల్లి, ఒంటరి తండ్రి ఆ మరుసటి ఏడాది వచ్చారు.

ఈ కొత్త కుటుంబాల కోసం యూనికోడ్ ఒక్క కొత్త అక్షరం కూడా తయారు చేయలేదు. ఎలాగో తెలుగు రాసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

[తెర మీద: అ, మ, పొల్లు, మ. ఒకదాని పక్కన ఒకటి వచ్చి ‘అమ్మ’గా కలుస్తాయి.]

‘అమ్మ’ అని టైపు చేసినప్పుడు కంప్యూటర్ దాచుకునేవి నాలుగు: అ, మ, పొల్లు, మళ్లీ మ. ఇక్కడ పొల్లు కనిపించదు, రెండో ‘మ’ను మొదటిదాని కింద ఒత్తుగా కూర్చోబెడుతుంది. ఎమోజీల్లో ఆ పని చేసేది జీరో విడ్త్ జాయినర్, అంటే వెడల్పే లేని ఒక అతుకు. ఆడమనిషి, అతుకు, ఆడమనిషి, అతుకు, పాప. అయిదు గుర్తులు వరుసగా వస్తే ఫోను వాటిని ఒకే బొమ్మగా చూపిస్తుంది. దీనికి తోడబుట్టినది మరొకటి ఉంది, విడదీసేది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాస్తే ‘ట్’ కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. తెలుగు టైపు చేసేవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి వాడుతున్నారు, చాలామందికి ఆ సంగతే తెలియదు.

అన్నట్టు అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, అవ్వ... మన చుట్టరికాల్లో ఎన్ని అతుకుతో పుట్టినవో చూడండి.

[తెర మీద: పాత ఫోను. ఒకే బొమ్మ ముగ్గురు విడివిడి మనుషులుగా విడిపోతుంది.]

పాత ఫోనుకు ఈ కలయిక తెలియకపోతే ముగ్గురూ విడివిడిగా కనిపిస్తారు. ఫాంటు సరిగా లేనిచోట ఒత్తులు ఊడిపోయి, పొల్లులు బయటపడిన తెలుగును చూశారు కదా, అచ్చం అలాగే. కొన్ని యాప్‌లలో బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే కుటుంబంలో ఒక్క మనిషే మాయమవుతాడు. నాకు అది మొదటిసారి జరిగినప్పుడు కాస్త గిల్టీగా అనిపించింది.

మరి ఒంటి రంగు? 2015లోనే అయిదు చర్మపు రంగులు వచ్చినా కుటుంబం మాత్రం పసుపుగానే ఉండిపోయింది. కారణం లెక్కలో ఉంది, కాగితం తీసుకోండి.

[తెర మీద: లెక్క ఒక్కో వరుసగా పేరుకుంటుంది.]

ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ ఉన్న కుటుంబాలు 6 రకాలు. మనిషికి 5 రంగులు కాబట్టి ఒక్కోదానికి 125, మొత్తం 750. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలైతే 9 రకాలు, ఒక్కోదానికి 625, మొత్తం 5,625. ఒంటరి పెద్ద, ఒక బిడ్డ 4 రకాలు, 100. ఇద్దరు పిల్లలతో 6 రకాలు, 750. ఆ పాత కుటుంబానికి ఇంకో 5. అన్నీ కలిపితే 7,230 బొమ్మలు! ఏ కీబోర్డులో పడతాయి?

అందుకని యూనికోడ్ దారి మార్చింది. 2023 సెప్టెంబరులో నాలుగు కొత్త కుటుంబాలు చేర్చింది: పెద్దవాళ్లు ఒకరో ఇద్దరో, పిల్లలు ఒకరో ఇద్దరో. ఆడా మగా తేడా లేదు, ముఖం లేదు, రంగు లేదు. 2024 మార్చిలో ఐఓఎస్ 17.4 పాత కుటుంబాలను కూడా నీడబొమ్మలుగా మార్చేసింది. లెక్కకు ఇదే సరైన దారి. ఆ బీచ్ మామ్మకూ మనవడికీ కూడా చోటు దొరికింది. అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోదు. ఇద్దరు అమ్మలకు ముఖాలు దక్కి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు, అందరితో పాటు వాళ్ల ముఖాలూ చెరిగిపోయాయి. ఎప్పటినుంచో బొమ్మలో ఉన్నవాళ్లకు ఆ నష్టం అంతగా తెలియదు.

[దృశ్యం: డాల్ఫిన్స్ నోస్ కొండ మీద చీకటి పడుతోంది.]

ఇద్దరు అమ్మల, ఇద్దరు నాన్నల ఎమోజీలు మన ఫోన్లలోకి వచ్చేనాటికి మన దేశంలో స్వలింగ సంబంధం నేరం. సుప్రీంకోర్టు ఆ నేరాన్ని తొలగించింది 2018 సెప్టెంబరు 6న. 2022లో ఒక ఉద్యోగిని ప్రసూతి సెలవు కేసులో అదే కోర్టు, కుటుంబమంటే తల్లి, తండ్రి, పిల్లలే కాదని, స్వలింగ జంటల ఇళ్లు కూడా అందులోకి వస్తాయని చెప్పింది. 2023 అక్టోబరు 17న మాత్రం పెళ్లి హక్కు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. జంటగా బిడ్డను దత్తత తీసుకునే దారీ తెరుచుకోలేదు. ఫోనులో ఇద్దరు అమ్మలు ఉండవచ్చు, దత్తత కాగితం మీద కుదరదు.

[దృశ్యం: మళ్లీ ఇసుక. ఒక పెద్ద గుంపు చాప పరుచుకుంటోంది.]

ఇంకో లోటు మన ఇళ్లదే. మూడు తరాలు కలిసి ఉన్న ఇంటికి ఈనాటికీ ఒకే బొమ్మ లేదు. మామ్మ ఎమోజీ ఉంది, తాతయ్య ఎమోజీ ఉంది, కాని వాళ్లను ఎవరితోనూ అతికించే ఏర్పాటు లేదు. మా పిన్ని ఆ లోటును ఎప్పుడూ పట్టించుకోలేదు. పండగ సందేశంలో ఒక్కొక్కరినే నొక్కుతుంది: తాతయ్య, మామ్మ, ఆడమనిషి, ఇంకో ఆడమనిషి, పాప. మధ్యలో అతుకేమీ ఉండదు. చివర పిల్లి తప్పకుండా ఉంటుంది.