"నువ్వు ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోమ్మా" అన్నప్పుడు ఏం చెయ్యాలి? – వీడియో స్క్రిప్ట్

[దృశ్యం: తెల్లారుతున్న వేళ, పాలకొల్లు వైపు కాలవ గట్టు రోడ్డు. కేరేజీలు పట్టుకుని బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు. మొహాలు చూపించకూడదు. చేతులు, కేరేజీలు, చెప్పులు చాలు.]

వాయిస్: ఈ టైముకి భీమవరం చుట్టుపక్కల చాలా ఊళ్ల సెంటర్లలో ఇదే కనిపిస్తుందండి. రొయ్యల కంపెనీ బస్సు వస్తుంది, అందరూ ఎక్కుతారు, సాయంత్రం దాకా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్య వలుస్తారు. మా తోడికోడలు కూడా అదే పని. తనకి ఐదో నెల నడుస్తుండగా ఒకరోజు బస్సు ఆగింది. సూపర్‌వైజరు కిందికి దిగి, "ఈ టైములో నీకెందుకమ్మా ఈ చలిలో పని? ఇంటికెళ్లి రెస్ట్ తీసుకో. కాన్పయ్యాక చూద్దాంలే" అన్నాడు. బస్సు వెళ్లిపోయింది. తను కేరేజీతో వెనక్కి నడిచొచ్చింది.

[కెమెరా ముందు]

నమస్తే అండి. ఆ సూపర్‌వైజరు ఒక్క గట్టి మాట అనలేదు. ఉద్యోగం తీసేశామనీ అనలేదు. మా అత్తయ్యగారైతే "పాపం, మంచి మనిషి, కనిపెట్టుకుని చెప్పాడు" అన్నారు కూడా. మన గోదావరి జిల్లాల్లో ఒట్టిమనిషి కాదని తెలిశాక పనిలోంచి తప్పించడం చాలాసార్లు ఇలా జాలి మాటతోనే జరుగుతుంది. అందుకే మనకి కోపం రాదు. కోపం రాదు కాబట్టి ఎవరినీ ఏమీ అడగం.

నాకూ ఇలాగే జరిగింది. నేను పనిచేసింది ఒక బట్టల షోరూములో. పేరు చెప్పను. పొద్దున్న షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా నిలబడే ఉండాలి. ఆరో నెలలో కాళ్లు వాచిపోతుంటే ఒక స్టూలు అడిగాను. మర్నాడు మేనేజరు గారు తెల్లకాగితం ఇచ్చి, "ఆరోగ్యం బాగోక మానేస్తున్నానని రాసివ్వమ్మా, మళ్లీ చేర్చుకునేటప్పుడు ఇబ్బంది ఉండదు" అన్నారు. రాసిచ్చేశాను. ఆ కాగితంతో నేను వదులుకున్నది డెబ్బై వేల పైచిలుకు అని నాకు తెలీదు. చెప్పినవాళ్లూ లేరు. ఈ వీడియో చేస్తున్నది అందుకే.

[తెర మీద: 26 వారాలు = 182 రోజులు]

ముందు డబ్బు సంగతి చెప్తాను. హక్కు అంటే ఎవరూ వినరు, లెక్క చెప్తే వింటారు. మన దేశంలో ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961 నుంచి ఉంది. 2017లో దాన్ని సవరించి, అంతకు ముందు 12 వారాలున్న జీతంతో కూడిన సెలవుని 26 వారాలు చేశారు. 2025 నవంబరు 21 నుంచి ఈ నియమాలన్నీ సామాజిక భద్రతా కోడ్, 2020 అనే కొత్త చట్టంలోకి వచ్చాయి. పాత చట్టం పోయిందని ఎవరైనా అంటే కంగారు పడకండి. 26 వారాలు అలాగే ఉన్నాయి. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే మాత్రం 12 వారాలు.

ఇప్పుడు లెక్క. సెలవు మొదలయ్యే ముందు మూడు నెలల్లో మీరు పనిచేసిన రోజులకి సగటు కూలి ఎంతో చూస్తారు. రోజుకి 400 అనుకోండి. 182 రోజులకి 72,800 రూపాయలు. "ఆదివారాలు తీసేసి ఇస్తాం" అంటే ఒప్పుకోకండి. ఈ పేచీ చాలా పాతది. తమిళనాడులో ఒక తోట కూలీ విషయంలో ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆదివారాలతో కలిపే ఇవ్వాలని 1977లో తీర్పు వచ్చింది. ఒక ఎస్టేటులో పనిచేసే మనిషి అంతదూరం వెళ్లి తెచ్చిపెట్టిన లెక్క అది. మనం ఆదివారాలు వదిలేస్తే ఎలాగండి?

జీతంలో ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, కోత పడుతుంటే ఈ డబ్బు యజమాని ఇవ్వడు, ఈఎస్ఐ ఇస్తుంది. అక్కడా 26 వారాలే. దానికి ముందు రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఒక్కోటి ఆర్నెల్లు) కలిపి కనీసం 70 రోజులకి మీ పేరు మీద డబ్బు కట్టి ఉండాలి. మీ జీతంలో కోత పడుతున్నా అక్కడ జమ అవుతోందో లేదో ముందే చూసుకోండి.

[దృశ్యం: గోడకి వేలాడుతున్న తెలుగు క్యాలెండరు. కొన్ని తేదీల చుట్టూ పెన్నుతో గీసిన గుండ్రాలు.]

ఈఎస్ఐ లేనివాళ్లకి అర్హత 80 రోజులు. డాక్టరు చెప్పిన కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఆ యజమాని దగ్గర 80 రోజులు పనిచేసి ఉండాలి, అంతే. జీతంతో ఇచ్చిన పండగ సెలవులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పర్మినెంటు కానక్కర్లేదు. "రోజుకూలీకి సెలవేంటి?" అనే మాట ఎక్కువ వింటాం. ఢిల్లీ మున్సిపాలిటీలో మస్టర్ రోల్ (రోజువారీ హాజరు పట్టీ) మీద కూలికి పనిచేసే ఆడవాళ్లు ఇదే అడిగితే, వాళ్లకీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. "నువ్వు మా వర్కరువి కాదు, మేస్త్రీ పంపిన మనిషివి" అనే మాట కూడా చెల్లదు. నేరుగా పెట్టుకున్నా, మధ్యలో ఇంకొకరి ద్వారా పెట్టుకున్నా కూలికి పనిచేసే ఆడమనిషి అయితే చాలని 1961 చట్టంలోనే రాశారు. కాంట్రాక్టు మధ్యలో ముగిసిపోయినా సెలవు డబ్బు ఆగదని 2023 ఆగస్టులో ఇంకో తీర్పు వచ్చింది. ఆ కేసు వేసింది ఒక కాంట్రాక్టు డాక్టరమ్మ.

చిక్కల్లా ఆ 80 రోజులు రుజువు చెయ్యడంలోనే. హాజరు కార్డు ఫోటో, ఫోనులో కూలి పడిన మెసేజీలు, గేటు పాసు, బస్సు డ్రైవరు పంపిన వాట్సాప్, ఏదైనా సరే, నెల తప్పిందని తెలిసిన రోజు నుంచే దాచడం మొదలెట్టండి. మా తోడికోడలి దగ్గర ఫోన్‌పే మెసేజీలు తప్ప ఇంకేమీ లేవు. వాటిని ఒక్కొక్కటీ వెనక్కి జరుపుకుంటూ చూస్తే 143 రోజులు లెక్క తేలింది.

[కెమెరా ముందు, కొంచెం దగ్గరగా]

ఇప్పుడు మన ఇళ్లల్లో జరిగే ఒక సంగతి. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తాం కదా. చీర, సారె, గాజులు, అన్నీ బాగానే ఉంటాయి. పనిచేసే చోట మాత్రం ఒక్క ముక్క రాసివ్వం. "సూపర్‌వైజరుకి ఫోన్లో చెప్పాను" అంటాం. ఆర్నెల్ల తర్వాత వెళ్తే, "నువ్వే చెప్పాపెట్టకుండా మానేశావు కదమ్మా" అంటారు. రిజిస్టరులో కూడా అలాగే రాసుంటుంది. మనల్ని తీసేసినట్టు ఎక్కడా ఉండదు.

ఇంకొకటి. జీతంతో కూడిన సెలవు కాన్పుకి ముందు ఎక్కువలో ఎక్కువ 8 వారాలే వస్తుంది. ఏడో నెల మొదట్లోనే వెళ్లిపోతే ఆ 8 వారాలకీ దానికీ మధ్య కొన్ని వారాలు మిగిలిపోతాయి. ఆ మిగిలిన రోజులకి ఉన్న సెలవులు వాడుకోవడమో, జీతం లేని సెలవు అడగడమో చెయ్యండి. గర్భం వల్ల నిజంగా ఒంట్లో బాగోకపోతే డాక్టరు చీటీతో ఒక నెల దాకా అదనపు సెలవు కూడా ఉంది. పుట్టింటికి వెళ్లొద్దని నేను అనను. మా అమ్మ చేతి పత్యం తిని కోలుకున్నదాన్ని. కాగితం ఇచ్చి వెళ్లమంటాను.

[తెర మీద ఉత్తరం వాక్యం తర్వాత వాక్యం రావాలి. తొందర పెట్టకూడదు. చూసేవాళ్లు వీడియో ఆపి రాసుకునేంత టైము ఇవ్వాలి.]

ఆ కాగితం ఇదిగోండి. తెలుగులోనే రాయొచ్చు.

"అయ్యా, నేను మీ సంస్థలో ఫలానా తేదీ నుంచి ఫలానా పని చేస్తున్నాను. నేను గర్భవతిని. డాక్టరు చెప్పిన కాన్పు తేదీ ఫలానా. ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవు తీసుకుంటున్నాను. ఆ సెలవు కాలంలో మరెక్కడా పనిచేయను. నాకు రావలసిన ప్రసూతి సొమ్ము నాకు గానీ, నా తరఫున ఫలానా వారికి గానీ చెల్లించగలరు. డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను."

కింద తేదీ, సంతకం. రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్రో సంతకమో అడగండి. మా తోడికోడలికి ఆఫీసులో ముద్ర వెయ్యలేదు. "ఇక్కడ పెట్టి వెళ్లమ్మా, చూస్తాం" అన్నారు. మేం నేరుగా పోస్టాఫీసుకి వెళ్లి అదే ఉత్తరం స్పీడ్‌ పోస్టులో పంపాం. ఆ రసీదు మా ఇంట్లో దేవుడి గూట్లో పెట్టాం. ముందే నోటీసు ఇవ్వడం కుదరలేదనుకోండి, అంతమాత్రాన హక్కు పోదు, కాన్పయ్యాక ఇచ్చినా పనికొస్తుంది.

కాన్పుకి ముందు రోజుల డబ్బు గర్భవతి అని రుజువు ఇవ్వగానే ముందస్తుగా ఇవ్వాలి. మిగతాది బిడ్డ పుట్టినట్టు కాగితం చూపించిన 48 గంటల్లో ఇవ్వాలి. పుట్టింటి ఊళ్లో కాన్పయితే డిశ్చార్జి కాగితం ఫోటో తీసి పంపే పని ఇంట్లో ఒకరికి ముందే అప్పగించండి. పచ్చి బాలింత ఆ పని పెట్టుకోలేదు.

[కెమెరా ముందు]

నేను అడిగిన స్టూలు దగ్గరికి వస్తాను. కాన్పు తేదీకి సుమారు పది వారాల ముందు నుంచి, మీరు అడిగితే, ఒళ్లు హూనమయ్యే పనిగానీ ఎక్కువసేపు నిలబడే పనిగానీ ఇవ్వకూడదు. తేలిక పని ఇచ్చామని కూలి తగ్గించనూ కూడదు. "అడిగితే" అన్న మాట చట్టంలోనే ఉంది. అందుకని అది కూడా రాసే అడగండి. కాన్పయ్యాక ఆరు వారాల దాకా అసలు పనిలో పెట్టుకోవడమే నేరం. తిరిగి వచ్చాక బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండుసార్లు విరామం ఇవ్వాలి. 50 మంది, ఆ పైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలి.

కడుపు పోయినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. నాతో షోరూములో పనిచేసిన ఒకమ్మాయికి మూడో నెలలో పోతే నాలుగో రోజుకి కౌంటరు దగ్గరుంది. నడుము పట్టుకుని చీరలు మడతపెట్టింది. ఆ అమ్మాయికి ఆరు వారాలు జీతంతో సెలవు ఉంది. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలీదు, పక్కనే నిలబడ్డ నాకూ తెలీదు. ఇప్పుడు ఈ మాట చెప్తుంటే నాకు ఆ అమ్మాయి మొహమే కనిపిస్తోంది.

[తెర మీద: 60 రోజులు]

మరి తీసేస్తే? సెలవులో ఉన్నందుకు తీసెయ్యడం, ఆ సమయంలో మీకు నష్టం వచ్చేలా జీతమో హోదానో మార్చడం చట్టవిరుద్ధం. గర్భంతో ఉండగా ఎప్పుడు తీసేసినా, ఉద్యోగంలో ఉండుంటే వచ్చే ప్రసూతి డబ్బు ఇవ్వాల్సిందే. పెద్ద తప్పు చేశారని రాతపూర్వకంగా చెప్పి తీసేస్తే తప్ప. అప్పుడు కూడా ఆ కాగితం అందిన 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. పురిటి హడావిడిలో ఆ 60 రోజులు ఇట్టే గడిచిపోతాయి.

నాకిచ్చినట్టు మీకూ తెల్లకాగితం ఇస్తే, "మా ఇంట్లో అడిగి రేపు చెప్తానండి" అని లేచి వచ్చెయ్యండి. ఆ ఒక్క పూట చాలు. అప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, "నా ఇష్టంతో రాయలేదు, ఫలానా రోజు ఫలానా వారు రాయించారు, వెనక్కి తీసుకుంటున్నాను, పనిలోకి రావడానికి సిద్ధంగా ఉన్నాను" అని వెంటనే స్పీడ్‌ పోస్టులో పంపండి. నోటిమాటతో మానిపిస్తే, "ఫలానా తేదీన నన్ను పనిలోకి రానివ్వలేదు" అని మీరే రాసి పంపండి. నోటితో అన్న మాటకి అలా ఒక తేదీ పడుతుంది.

తర్వాత కార్మిక శాఖ ఆఫీసు. మీ ప్రాంతానికి అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు ఉంటారు. ఉత్తరం కాపీ, పోస్టు రసీదు, 80 రోజుల రుజువు పట్టుకెళ్లండి. కాన్పు దగ్గరపడితే మీ ఆయన్నో, అమ్మనో పంపండి. మా తోడికోడలి విషయంలో ఆ ఆఫీసు నుంచి ఫోను వెళ్లాకే కంపెనీ కదిలింది. కూర్చుని స్టిక్కర్లు అంటించే పని ఇచ్చారు. డబ్బు రెండు విడతల్లో వచ్చింది. రెండో విడత 48 గంటల్లో రాలేదు. మళ్లీ తిరగాల్సి వచ్చింది.

వకీలుకి డబ్బెక్కడిది అనుకోకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెప్తోంది. 15100కి ఫోను చెయ్యండి, లేదా కోర్టు ఆవరణలో న్యాయ సేవా సంస్థ ఎక్కడని అడగండి.

[దృశ్యం: నరసాపురం వైపు ఒక ఇంటి అరుగు. లేసు అల్లుతున్న చేతులు.]

వాయిస్: ఈ చేతులకి మాత్రం నేను ఇప్పటిదాకా చెప్పినవేవీ అందవు. ఇంట్లో కూర్చుని లేసు అల్లేవాళ్లు, నాట్లకీ కలుపుకీ వెళ్లేవాళ్లు, పదిమంది కూడా లేని చిన్న కొట్లలో పనిచేసేవాళ్లు ఈ లెక్కలోకి రారు. ఇది అన్యాయమని నేను గట్టిగా అంటాను. వాళ్లకి ఉన్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. మొదటి కాన్పుకి 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. మీ అంగన్‌వాడీ టీచరుగారిని అడిగితే ఫారం నింపిస్తారు. పుట్టాక చూద్దాంలే అనుకోకుండా నెల తప్పిన కొత్తలోనే పేరు రాయించుకోండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్లండి.

[తెర మీద మళ్లీ ఉత్తరం, పూర్తిగా. కింద 15100. ఒక నిమిషం అలాగే ఉంచాలి.]