మిరపలో ఎండు తెగులు: మందు కంటే ముందు మట్టి

[దృశ్యం: గుంటూరు దగ్గర నల్లరేగడి నేలలో మిరప చేను. పచ్చని సాలు మధ్య వడలిపోయిన ఒక మొక్క.]

వ్యాఖ్యాత: తడి ఉంది, ఎరువు పడింది, అయినా ఈ మొక్క తల వాల్చేసింది. పీకి, కాండాన్ని నిలువుగా చీల్చి చూడండి. లోపల గోధుమ రంగు చార ఉంటే ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని అనుమానించాలి. కాండం ముక్కను గాజు గ్లాసు నీళ్ళలో వేలాడదీస్తే పాలలాంటి ధార దిగిందా, అది బాక్టీరియా తెగులు. దాని సంగతి వేరు. ఈ రోజు ఫ్యుజేరియం గురించి. ఈ తేడా చూడకుండానే మందుల దుకాణానికి పరుగెత్తేవారే ఎక్కువ. అనుమానం తీరకపోతే మొక్కను వేర్లతో సహా గుంటూరు దగ్గరి లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన స్థానంలోని శాస్త్రవేత్తలకు చూపించండి.

[దృశ్యం: దున్నిన నేల, దగ్గరగా.]

ఫ్యుజేరియం మొండి ఘటం. పంట లేకపోయినా మందపాటి గోడల బీజాలుగా మారి మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. ఎకరం నేలను వేరు లోతు దాకా మందుతో తడపడం ఎవరి తరం? దాని మీదికి పోటీదారును వదలడమే తెలివైన పని.

[దృశ్యం: ఎరువు మీద ఆకుపచ్చ బూజు.]

ఆ పోటీదారే ట్రైకోడెర్మా. ఇది కూడా శిలీంధ్రమే. శత్రు శిలీంధ్రాల పోగులను చుట్టుకుని, ఎంజైములతో వాటి గోడలు కరిగించి తినేస్తుంది. కానీ సేంద్రియ పదార్థం లేని చేలో ఉత్త పొడి చల్లితే అది ఏం తిని బతుకుతుంది? ముందు దానికి మేత పెట్టాలి.

నీడలో 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలపండి. నీళ్ళు చిలకరిస్తూ కలిపాక పిడికిట బిగిస్తే ముద్ద కావాలి, నీరు కారకూడదు. గోనె సంచులు కప్పి, తడి ఆరకుండా చూసుకుంటూ మధ్యలో తిరగేస్తే 10–15 రోజుల్లో బూజు పరుచుకుంటుంది. ఆఖరి దుక్కిలో, నేలలో తేమ ఉన్నప్పుడు వేయండి. వేపపిండి వల్ల నులిపురుగులు కూడా తగ్గుతాయి. అవి వేరుకు చేసే గాయాల్లోంచే ఫ్యుజేరియం సులువుగా లోపలికి దూరుతుంది.

పచ్చి పెంట మాత్రం వద్దు. మొదలుకుళ్ళు తెచ్చే స్క్లెరోషియం లాంటి శిలీంధ్రాలు చివకని పదార్థం మీదే బలుస్తాయి. పచ్చిరొట్టకూ ఇదే లెక్క: తొలకరికి జనుమో జీలుగో చల్లి, పూత దశలో కలియదున్ని, అది కుళ్ళడానికి రెండు మూడు వారాలు వదిలి, ఆ తర్వాతే మిరప నారు నాటాలి.

దుగ్గిరాల వైపు పసుపు రైతులు దుంపకుళ్ళుకు ఇదే మిశ్రమం వాడవచ్చు. అయితే మురుగునీరు పోయే కాలువ లేని చేలో ఎన్ని బస్తాలు వేసినా దండగే.

[దృశ్యం: ముడుచుకున్న మిరప ఆకులు.]

ఆకుముడత, తామర పురుగులు, కాయకుళ్ళు ఈ మిశ్రమంతో పోవు. అలా పోతాయని అమ్మేవారిని నమ్మకండి. ట్రైకోడెర్మా వేసిన మొక్కల మొదళ్ళలో కార్బెండాజిమ్ అనే శిలీంధ్రాలను చంపే మందు పోస్తే, వేసినదంతా చచ్చిపోతుంది. కొనేటప్పుడు పొట్లం మీద గడువు తేదీ చూడండి. ఎండ తగిలే చోట పెట్టిన సరుకైతే తీసుకోకండి.