చంద్రగిరి కోట నుంచి సముద్రం దాకా బండి మీద మూడు రోజులు: గైడెడ్ రైడ్ అంటే ఏంటి, ఎలా వెళ్లాలి?

(తెర మీద: తెల్లవారుజామున తిరుపతి బైపాస్. ఎనిమిది బండ్లు వరసగా, హెడ్‌లైట్లు వెలుగుతూ.)

అందరికీ నమస్కారం. తిరుపతిలో పుట్టి పెరిగిన మనలో చాలామందికి సముద్రం అంటే చెన్నై మెరీనా, లేదంటే నెల్లూరు మైపాడు. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు వైపంతా తిరుపతి జిల్లాలోకి వచ్చింది, అంటే మన జిల్లాకే సముద్రం వచ్చింది, పులికాట్ సరస్సు వచ్చింది. ఆ సంగతి నాకు మ్యాప్ చూస్తే తెలియలేదు, బండి మీద వెళ్తే తెలిసింది.

ఈ వీడియోలో చంద్రగిరి కోట దగ్గర మొదలుపెట్టి శ్రీకాళహస్తి, దుగరాజపట్నం, పులికాట్ మీదుగా చెన్నై కోట దాకా, అక్కణ్ణుంచి మహాబలిపురం దాకా వెళ్లే మూడు రోజుల రైడ్ గురించి చెప్తాను. ఈ ఊళ్లే ఎందుకంటే ఇవన్నీ ఒకే కథలోవి. మద్రాసు అనే ఊరు ఎలా పుట్టిందో ఆ కథ. దాన్ని వరస తప్పకుండా చూడాలంటే దారి తెలిసిన మనిషి ముందు ఉండాలి, అందుకే గైడెడ్ రైడ్ అంటున్నా.

ముందు అసలు గైడెడ్ రైడ్ అంటే ఏంటో చూద్దాం.

బండ్లన్నిటికీ ముందు ఒకాయన వెళ్తాడు, ఆయన్ని లీడ్ అంటారు. అందరికంటే వెనక ఇంకొకాయన వస్తాడు, స్వీప్ అంటారు. రూల్ ఏంటంటే లీడ్‌ని ఎవరూ దాటకూడదు, స్వీప్ వెనక ఎవరూ మిగలకూడదు. ఈ ఒక్కటి పాటిస్తే సగం టెన్షన్ పోతుంది. మలుపు వచ్చిన ప్రతిచోటా లీడ్ వెనకే ఉన్న రైడర్ అక్కడ పక్కకి ఆగి, తర్వాత వచ్చేవాళ్లందరికీ చేత్తో దారి చూపిస్తాడు. స్వీప్ కనపడ్డాక మళ్లీ వరసలో కలుస్తాడు. ఇలా ఒక్కో మలుపుకి ఒక్కొక్కరు ఆగుతూ ఉంటారు కాబట్టి ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ నడపాల్సిన అవసరమే ఉండదు. హైవే మీద ఒకరు లేన్‌కి ఎడమ వారన, వెనకాయన కుడి వారన, అలా మార్చి మార్చి వెళ్తారు. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటాక మీరు ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుని అప్పుడు ఆ స్తంభం దాటాలి. వాన పడుతుంటే నాలుగు దాకా లెక్కపెట్టాలి.

నేను మొదటిసారి ఇదే తీరానికి ఒంటరిగా వెళ్లా. ఇసుక మీద సైడ్ స్టాండ్ వేసి సముద్రం వైపు నాలుగడుగులు వేశానో లేదో, స్టాండ్ ఇసుకలో దిగిపోయి బండి పడిపోయింది, క్లచ్ లివర్ విరిగింది. చుట్టూ మనిషి లేడు, సిగ్నల్ లేదు, ఎండ చూస్తే నడినెత్తిన. చేపలు తీసుకెళ్లే ఆటో ఆయన ఒకరు ఆగి, బండిని పక్క ఊరు దాకా చేర్చారు. ఆ రోజు నాకు అర్థమైంది, వెనక ఒక మెకానిక్, స్పేర్ లివర్లు, పంక్చర్ కిట్ ఉన్న బండి రావడం ఎంత ధైర్యమో. ఇప్పుడైతే స్టాండ్ కింద చదునైన రాయో చెక్క ముక్కో పెట్టకుండా ఇసుక మీద బండి ఆపను.

(తెర మీద: చంద్రగిరి రాజమహల్, వెనక కొండ.)

మొదటి రోజు, చంద్రగిరి. మనలో ఎంతమంది ఈ కోటని స్కూల్ పిక్నిక్‌లో చూసి అంతటితో వదిలేశామో! తిరుపతి నుంచి అరగంట దారి. విజయనగర రాజులు పెనుకొండ తర్వాత రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. రాజమహల్‌లో ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు, కాబట్టి రైడ్ శనివారం మొదలయ్యేలా చూసుకోండి.

ఇప్పుడు కథ. 1639లో ఇంగ్లీష్ ఈస్ట్ ఇండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే, సముద్రం ఒడ్డున ఒక ఇసుక పట్టీ కావాలని అడుగుతాడు. ఇచ్చింది ఎవరు? దామెర్ల వెంకటాద్రి నాయకుడు. తెలుగువాడు, చంద్రగిరి రాజు కింద ఆ ప్రాంతం చూసుకునే నాయకుడు. తన తండ్రి చెన్నప్ప పేరు ఆ ఊరికి పెట్టించాడు, అదే చెన్నపట్నం. ఆ దానం జరిగిన రోజుగా ఆగస్టు 22ని ఇప్పుడు మద్రాస్ డేగా జరుపుకుంటారు. తర్వాత 1645లో విజయనగర రాజు శ్రీరంగరాయలు ఆ దానాన్ని మళ్లీ ఖరారు చేశాడు. అంత పెద్ద నగరానికి కాగితం పని మన కొండ కింద ఉన్న రాజ్యంలో జరిగింది. రాజమహల్ ముందు నిలబడి ఈ మాట మా గైడ్ అన్న చెప్తున్నప్పుడు మా గుంపులో ఒక కుర్రాడు, "అన్నా, నేను చెన్నైలో నాలుగేళ్లు చదివినా, ఈ కథ అక్కడా వినలేదు, ఇక్కడా వినలేదు" అన్నాడు. నాకూ అంతే.

అక్కణ్ణుంచి రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తి, తిరుపతి నుంచి చూస్తే నలభై కిలోమీటర్ల లోపే. మధ్యలో ఏర్పేడు దగ్గర పక్కకి తిరిగితే గుడిమల్లం వస్తుంది, రెండు వేల ఏళ్ల నాటిదని చెప్పే శివలింగం ఉన్న గుడి. టైం ఉంటే తప్పకుండా తిరగండి, గైడ్‌ని ముందే అడగండి, లేకపోతే ప్లాన్‌లో ఉండదు.

కాళహస్తిలో అందరం గుడికే వెళ్తాం. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయిన సంగతి మనందరికీ గుర్తే. ఆ వార్త విన్న రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడున్నది అదే చోట కొత్తగా కట్టి 2017లో కుంభాభిషేకం చేసిన గోపురం. దర్శనం అయ్యాక మాత్రం బస్టాండ్ వైపు వెళ్లిపోకండి. కలంకారీ వేసే ఇళ్లకి వెళ్లండి.

ఎందుకంటే ఈ కథంతా బట్ట గురించే. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు మన తీరానికి వచ్చింది బట్టల కోసం. ఇక్కడి నూలు బట్టలు కొని, వాటిని తూర్పు దీవుల్లో ఇచ్చి సుగంధ ద్రవ్యాలు తీసుకునేవాళ్లు. కాళహస్తిలో ఇప్పటికీ వెదురు పుల్లకి బట్ట చుట్టి దాన్నే కలంగా వాడతారు. ముందు బట్టని కరక్కాయ రసం, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు, పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. నల్ల రంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసిమి అంటారు. ఎర్రకి పటిక కావాలి. ప్రతి రంగుకీ మళ్లీ ఉతకడం, మళ్లీ ఎండబెట్టడం, అదీ పారే నీళ్లలో. స్వర్ణముఖిలో నీళ్లు లేని నెలల్లో వాళ్ల పని ఎంత కష్టమో వాళ్లనే అడగండి, చెప్తారు. పదిమంది గుంపుగా వెళ్లి ఫోటోలు తీసుకుని వచ్చేయడం మాత్రం వద్దు, కనీసం ఒక చిన్న ముక్కయినా కొనండి.

మధ్యాహ్నం భోంచేసి నాయుడుపేట, వాకాడు మీదుగా దుగరాజపట్నం. ఈ ఊరు చాలామంది ప్లాన్‌లో ఉండదు, నాకైతే అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. పాత ఇంగ్లీష్ పుస్తకాల్లో దీన్ని ఆర్మగాన్ అన్నారు. మద్రాసు కంటే ముందు, 1626 ప్రాంతంలో, ఇంగ్లీష్ కంపెనీ ఇక్కడ తమ వ్యాపార కేంద్రం పెట్టి ఫిరంగులతో కాపలా పెట్టుకుంది. ఫ్రాన్సిస్ డే ఇక్కడే పనిచేశాడు. ఇక్కడ సరుకు కుదరక, వేరే చోటు కోసం దక్షిణానికి వెళ్లి మద్రాసు స్థలం చూసుకున్నాడు. ఇప్పుడు అక్కడ కోట కనిపించదు. సముద్రం, పడవలు, వలలు బాగుచేసుకునే మనుషులు, అంతే. కానీ పొద్దున రాజమహల్ చూసి సాయంత్రానికి ఈ ఒడ్డున నిలబడితే, ఆ రెంటి మధ్య దూరం మీ నడుముకి, మోచేతులకి తెలుసు కదా, కథ అప్పుడు వేరేగా అర్థమవుతుంది. కారులో ఏసీ వేసుకుని వస్తే నాకు ఇలా అనిపించేది కాదేమో.

రాత్రికి సూళ్లూరుపేట.

(తెర మీద: తెల్లవారి పులికాట్ మధ్య రోడ్డు. రెండు వైపులా నీళ్లు.)

రెండో రోజు చీకటితోనే లేవాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు, సరస్సు మధ్యలోంచి వెళ్తుంది. పులికాట్ మన దేశంలో చిలకా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. మన పెద్దవాళ్లు దీన్ని ప్రళయకావేరి అనేవాళ్లు. చలికాలంలో రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, వేలల్లో దిగుతాయి. ఎర్రటి రెక్కలు ఒక్కసారి విప్పినప్పుడు దూరంగా నీళ్ల మీద గులాబీ గీత గీసినట్టుంటుంది. ఇక్కడ ఇంజన్ ఆపేయండి. హారన్ కొట్టొద్దు, దగ్గరికి వెళ్దామని బురదలోకి దిగొద్దు, డ్రోన్ అసలు వద్దు, ముందున్నది రాకెట్ కేంద్రం. చెక్‌పోస్ట్ దాటి పాస్ లేకుండా వెళ్లనివ్వరు, అక్కడే తిరిగి రావాలి.

ఈ రోడ్డు మీద గాలి పక్క నుంచి కొడుతుంది. బండి తేలికైతే లేన్‌లోంచి పక్కకి జరిగిపోయినట్టుంటుంది. మా గైడ్ అన్న ముందే చెప్పాడు: "హ్యాండిల్ గట్టిగా పట్టుకునేదానికి చూడొద్దండి అబ్బా. చేతులు వదులుగా పెట్టి, మోకాళ్లతో ట్యాంక్ పట్టుకోండి. నిదానంగా పోదాం, పక్షులు యాడికీ పోవు." ఆ మాట నిజం. చేతులు బిగిస్తే గాలి తోసిన తోపు నేరుగా హ్యాండిల్‌కి వెళ్లి బండి ఊగుతుంది.

పక్కనే నేలపట్టు, గూడబాతులు గూళ్లు కట్టుకునే చోటు. చెట్ల మీద పిల్లలకి తల్లులు సంచి లాంటి ముక్కులోంచి చేపలు తినిపిస్తుంటాయి. గంట కేటాయించండి.

తడ దాటి తమిళనాడులోకి వెళ్లాక సరస్సుకి దక్షిణం చివర పళవేర్కాడు, డచ్చివాళ్ల ఊరు. 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు, 1690లో నాగపట్నానికి మారేదాకా ఈ తీరంలో వాళ్ల ముఖ్య కేంద్రం అదే. కోట ఇప్పుడు ముళ్లపొదలు. సమాధుల తోట మాత్రం బాగుంది, ద్వారం దగ్గర రాతిలో అస్థిపంజరాలు చెక్కారు, రాళ్ల మీద చెక్కిన అక్షరాలు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్లు ఉన్నప్పుడు ఇంత దగ్గర్లో డచ్చివాళ్లు కూర్చున్నారన్నమాట, ఆ పోటీ ఎలా ఉండేదో ఊహించుకోండి.

సాయంత్రం చెన్నై. ట్రాఫిక్‌లో గుంపుగా వెళ్లాలని చూడకండి, విడిపోతే కంగారు పడకండి, ముందే చెప్పుకున్న చోట కలవండి. మూడో రోజు పొద్దున సెయింట్ జార్జ్ కోట, లోపల 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. తర్వాత ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద గంటన్నరలో మహాబలిపురం. అక్కడి సముద్రతీర గుడి పల్లవ రాజు రాజసింహుడు కట్టించింది, 1984లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. దాని గురించి వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి నేను ఎక్కువ చెప్పను.

ఇప్పుడు బుక్ చేసేముందు చూసుకోవాల్సినవి. బండి అద్దెకి తీసుకుంటుంటే నంబర్ ప్లేట్ చూడండి: నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలు ఉంటేనే అది అద్దెకి ఇచ్చే పర్మిట్ ఉన్న బండి. తెల్ల ప్లేట్ సొంత బండిని అద్దెకి ఇస్తున్నారంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడేది మీరే. గుంపులో ఎన్ని బండ్లు, స్వీప్ ఉంటాడా, వెనక మెకానిక్ బండి వస్తుందా, రోజుకి ఎన్ని కిలోమీటర్లు, పెట్రోల్ డబ్బు ఎవరిది, వాన వస్తే ఏం చేస్తారు, ఇవి అడగండి. రోజుకి నాలుగు వందల కిలోమీటర్లు అంటే వద్దనండి, ఊళ్లు చూడటానికి టైం ఉండదు. చీకటి పడ్డాక నడిపిస్తామన్నా వద్దనండి.

హెల్మెట్‌కి ఐఎస్ఐ గుర్తు, గ్లవ్స్, మడమ కప్పే బూట్లు. పుత్తూరు కట్టు ఉందిలే అని చెప్పులతో బయల్దేరే తమ్ముళ్లని చూశా, దయచేసి అలా చేయకండి. చేతి ఎముక అతుక్కుంటుందేమో, రోడ్డు మీద ఊడిన చర్మానికి కట్టు కట్టలేరు.

నెలలంటారా, డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబర్, నవంబర్‌లో తుఫాన్లు మన వైపే వస్తాయి, 2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో మర్చిపోలేం. వేసవిలో సరస్సు చాలాచోట్ల ఎండి ఉప్పు పొరలు తేలుతుంది, పక్షులూ ఉండవు.

సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన రోజు రాత్రే బండిని మంచినీళ్లతో కడిగించి, ఆరాక చైన్‌కి లూబ్ వేయండి. ఉప్పు గాలి చైన్‌ని ఒక్క రాత్రిలో ఎర్రగా చేస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు మా గైడ్ అన్న హైవే వదిలేసి ఊత్తుకోట మీదుగా తీసుకొచ్చాడు. దారిలో నాగలాపురం. కృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు మీద ఏర్పరిచిన ఊరు, వేదనారాయణ స్వామి గుడి. మార్చి నెలలో మూడు సాయంత్రాలు సూర్యకిరణాలు గోపురం దాటి, లోపలి ద్వారాలన్నీ దాటి మొదటి రోజు స్వామి పాదాల మీద, రెండో రోజు నాభి మీద, మూడో రోజు నుదుటి మీద పడతాయి. మేము వెళ్లింది జనవరిలో. గుడి మెట్ల మీద హెల్మెట్లు పక్కన పెట్టుకుని కూర్చున్నాం, పూజారి గారు ఆ వెలుతురు ఏ ద్వారంలోంచి ఎలా వస్తుందో వేలితో చూపిస్తూ చెప్పారు, మేము లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. అక్కణ్ణుంచి పుత్తూరు, తిరుపతి.

(తెర మీద: గుడి ముందు వరసగా ఆపిన బండ్లు, చక్రాలకి ఇంకా అంటుకుని ఉన్న ఇసుక.)