ఓడ చార్జీ ఎవరు కట్టారు? ఇంగ్లీషువాళ్ళు అమెరికా దారి పట్టిన కథ

[స్క్రీన్‌పై: పాత అట్లాంటిక్ మ్యాపు. లండన్ నుంచి వర్జీనియా దాకా మెల్లగా సాగే గీత.]

అమెరికాకి మొదట్లో వలసవెళ్ళిన ఇంగ్లీషువాళ్ళు ఊరు ఎందుకు వదిలారని ఎవర్నడిగినా ఒకటే జవాబు వస్తుంది. మత స్వేచ్ఛ కోసం అని. అది అబద్ధమేం కాదు గానీ వెళ్ళినవాళ్ళలో కొద్దిమంది కథ మాత్రమే. మిగతావాళ్ళ సంగతి తెలియాలంటే ఇంకో ప్రశ్న వేయాలి. వాళ్ళ ఓడ చార్జీ ఎవరు కట్టారు?

అప్పట్లో అట్లాంటిక్ దాటాలంటే మనిషికి సుమారు 6 పౌన్లు అయ్యేది. పొలం కూలీకి రోజుకి 8 పెన్నీలు ముట్టేవి. పౌనుకి 240 పెన్నీలు. లెక్కేసి చూడండి, 180 రోజుల కూలి. తినకుండా, కట్టకుండా మొత్తం దాచుకుంటేనే ఒక్క మనిషి ఓడెక్కగలడు. మరి చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్ళు వేలకి వేలమంది ఎలా వెళ్ళారు?

ముందు ఇంగ్లండ్‌లో ఏం జరుగుతోందో చూద్దాం. 1550ల్లో 30 లక్షల దగ్గరున్న జనాభా 1600 నాటికి 40 లక్షలు దాటింది. ధాన్యం ధరలు పెరిగినంతగా కూలి పెరగలేదు. దానికితోడు భూస్వాములు ఊరుమ్మడి మేత భూములకి కంచెలు వేసి గొర్రెలు పెంచడం మొదలుపెట్టారు. ఉన్నికి మంచి ధర ఉంది కాబట్టి. ఒక ఆవుని మేపుకుని, నాలుగు పుల్లలు ఏరుకుని బతికే కుటుంబానికి ఆ కంచె పడిందంటే బతుకు ఆగిపోయినట్టే.

[స్క్రీన్‌పై: పొలాల మధ్య ముళ్ళకంచె. తేదీ: 1607 జూన్.]

ఈ తేదీ గమనించండి. 1607 మే నెలలో అక్కడ వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వలస మొదలైంది. సరిగ్గా అదే రోజుల్లో ఇక్కడ నార్తాంప్టన్‌షైర్, వార్విక్‌షైర్, లెస్టర్‌షైర్ జిల్లాల్లో జనం పలుగూ పారా పట్టుకుని కంచెలు పీకేస్తున్నారు. జూన్‌లో న్యూటన్ అనే ఊరి దగ్గర భూస్వాములు మనుషుల్ని వేసుకొచ్చి విరుచుకుపడ్డారు. దాదాపు 40 మంది చనిపోయారు. పని లేక రోడ్డున పడ్డవాడిని చట్టం దేశదిమ్మరి అనేది, పట్టుకుని కొరడాతో కొట్టేది. అలాంటివాళ్ళంతా లండన్ చేరి ఇరుకు సందుల్లో కాలం వెళ్ళదీశారు.

పెద్దిళ్ళలో బాధ వేరు. ఆస్తి మొత్తం పెద్దకొడుకుకే. చిన్నకొడుకులకి సైన్యమో, చర్చో, లేదంటే సముద్రమో.

ఇక జేమ్స్‌టౌన్. 1606లో జేమ్స్ రాజు వర్జీనియా కంపెనీకి అనుమతి పత్రం ఇచ్చాడు. డిసెంబరులో మూడు ఓడలు బయల్దేరాయి. చివరికి దిగింది నూటికి కాస్త అటూ ఇటూగా మగవాళ్ళు, మగపిల్లలు. ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. ఖర్చు షేర్‌హోల్డర్లది. 1609లో ఒక్కో షేరు 12 పౌన్ల 10 షిల్లింగులకి అమ్మారు. బంగారం దొరుకుతుందని ఆశ. దొరికింది చిత్తడి నేల, ఉప్పునీళ్ళు, జ్వరాలు. 1609–10 చలికాలంలో గుర్రాల్ని తిన్నారు, కుక్కల్ని తిన్నారు, ఎలుకల్నీ వదల్లేదు. శవాల్ని కూడా తిన్నారని అప్పటి రాతల్లో ఉంది. చాలాకాలం దాన్ని అతిశయోక్తి అనుకున్నవాళ్ళున్నారు. 2013లో, అక్కడ తవ్వకాల్లో దొరికిన 14 ఏళ్ళ అమ్మాయి పుర్రె మీద కత్తిగాట్లు ఉన్నాయని పరిశోధకులు ప్రకటించాక ఆ వాదన మూలపడింది. ఎండాకాలం నాటికి కోటలో ప్రాణాలతో మిగిలింది సుమారు 60 మంది.

ఈ వర్జీనియా కంపెనీ కోశాధికారి పేరు సర్ థామస్ స్మైత్. అదే సమయంలో ఈస్టిండియా కంపెనీ గవర్నరు కూడా ఆయనే! 1611లో మచిలీపట్నం రేవుకి వచ్చిన గ్లోబ్ ఓడ ఆయన హయాంలోదే. జేమ్స్‌టౌన్ ఆకలితో చచ్చిన మరుసటి ఏడాదే అదే పెద్దమనిషి మన తీరంలో నూలు బట్టల బేరం చూస్తున్నాడన్నమాట.

బంగారం లేకపోయినా పొగాకు దొరికింది. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ మంచి రకం పండించాడు. లండన్‌లో గిరాకీ పెరిగింది, పొలంలో మనుషులు కావాల్సొచ్చారు. అప్పుడు, 1618లో, కంపెనీ ఓ పథకం పెట్టింది. ఎవరి ఓడ చార్జీ మీరు కడితే వాళ్ళ తలకి 50 ఎకరాలు మీకు. గమనించారా? భూమి వచ్చేది ప్రయాణం చేసినవాడికి కాదు, డబ్బు కట్టినవాడికి. ఆ ఎకరాలు మాత్రం అక్కడి మూలవాసులైన పౌహాటన్ ప్రజలవి. వాళ్ళు ఊరుకోలేదు. 1622 మార్చి 22న ఒక్కరోజులో 347 మంది వలసవాసుల్ని చంపేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంగ్లీషువాళ్ళు తీర్చుకున్న పగ ఇంకా ఘోరం.

[స్క్రీన్‌పై: వంకర అంచుతో రెండుగా కోసిన కాగితం.]

చార్జీ కట్టించుకున్నవాడు బాండ్ రాయాలి. ఒకే కాగితం మీద రెండుసార్లు ఒకే ఒప్పందం రాసి, మధ్యలో వంకరటింకరగా కోసేవారు. ఒక ముక్క యజమానికి, ఒకటి కూలీకి. రేపు గొడవొస్తే రెండు అంచులూ కలిపి చూస్తారు, పళ్ళకి పళ్ళు కుదిరితే అసలుది. మామూలుగా 4 నుంచి 7 ఏళ్ళు పని. తిండి, బట్ట ఉంటాయి, జీతం ఉండదు. 17వ శతాబ్దంలో వర్జీనియా, మేరీలాండ్ వెళ్ళిన తెల్లవాళ్ళలో దాదాపు మూడొంతుల మంది ఇలా వెళ్ళినవాళ్ళే.

వాళ్ళలో రిచర్డ్ ఫ్రెథోర్న్ అనే కుర్రాడు 1623లో అమ్మానాన్నలకి రాసిన ఉత్తరం మిగిలింది. ఓడ దిగిన దగ్గర్నుంచి బఠానీలూ జావ తప్ప వేరే తిండి ఎరగనన్నాడు. తన పైబట్ట తోటివాడే దొంగిలించాడట. నాన్నా, నన్ను ఎలాగైనా విడిపించు, లేదంటే కాస్త జున్నుగడ్డ, వెన్న, మాంసం పంపు అని బతిమాలుకున్నాడు. 1607 నుంచి 1625 మధ్య వర్జీనియాకి వెళ్ళినవాళ్ళు 6,000 మందికి పైనే. 1625 జనాభా లెక్కలో ఉన్నది సుమారు 1,200 మంది.

ఇక ఆఫ్రికావాళ్ళని వస్తారా అని అడిగినవాళ్ళే లేరు. 1619 ఆగస్టులో వర్జీనియాలో ఇరవై మందికి పైగా మనుషుల్ని ఓడలోంచి దించి, తిండి సామాన్లకి బదులుగా ఇచ్చేశారు. రెండు వందల ఏళ్ళ తర్వాత, 1830ల్లో బ్రిటిష్‌వాళ్ళు బానిసత్వం రద్దు చేసి, చెరకు తోటలకి మళ్ళీ ఈ బాండ్ పద్ధతే బయటికి తీశారు. కోరంగి, మద్రాసు రేవుల నుంచి తెలుగువాళ్ళు మారిషస్ వెళ్ళింది ఆ కాగితం మీదే.

సరే, మతం సంగతికొద్దాం. 1620లో మేఫ్లవర్‌లో వెళ్ళిన 102 మందిలో ఇంగ్లండ్ చర్చి నుంచి విడిపోయినవాళ్ళు సగం దాకా ఉంటారు. వాళ్ళు అంతకుముందే హాలండ్ చేరి పదేళ్ళకి పైగా లైడెన్‌లో ఉన్నారు. అక్కడ పూజకి ఏ అడ్డూ లేదు. అయినా ఎందుకు కదిలారు? పని కష్టం, రాబడి తక్కువ, పైగా పిల్లలు డచ్చివాళ్ళలా తయారవుతున్నారని టెన్షన్. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకి ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

వీళ్ళ చార్జీ లండన్ వర్తకులు పెట్టారు. ఏడేళ్ళు సంపాదించినదంతా ఉమ్మడి ఖాతాలో వేయాలని షరతు. వారానికి రెండు రోజులు సొంతపనికి, కట్టుకున్న ఇల్లు సొంతానికి కావాలని వీళ్ళడిగితే వర్తకులు కుదరదన్నారు. ఆ షరతుల మీద సంతకం పెట్టేది లేదన్నారు వీళ్ళు. దాంతో రేవు బాకీలు కూడా కట్టేది లేదని వర్తకుల మనిషి థామస్ వెస్టన్ చేతులు దులుపుకుని పోయాడు. చివరికి ప్రయాణానికి దాచుకున్న వెన్న పీపాలు డజన్లకొద్దీ అమ్మి, రేవులో బాకీ తీర్చి బయటపడ్డారు. వచ్చే చలికాలంలో ఆ వెన్న ఎంత అవసరం పడిందో చెప్పలేం, సగంమంది పోయారు. వర్తకుల అప్పు పూర్తిగా తీరింది 1648లో.

1630లో మసాచుసెట్స్‌కి జాన్ విన్‌త్రాప్ వెంట వెళ్ళినవాళ్ళు మాత్రం వేరు. వీళ్ళు ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండ్ చర్చిలో ఉంటూనే దాన్ని సంస్కరించాలనుకున్నవాళ్ళు. చాలామంది ఇల్లూ వాకిలీ అమ్ముకుని, పెళ్ళాం పిల్లలతో, సొంత డబ్బుతో కదిలారు. ఛార్లెస్ రాజు పార్లమెంటుని పక్కనపెట్టాడు, బిషప్ లాడ్ ప్యూరిటన్ల వెంటపడ్డాడు, పైగా బట్టల వ్యాపారం దెబ్బతింది. పదేళ్ళలో 20,000 మంది దాకా వెళ్ళారు.

[స్క్రీన్‌పై: 1640. మసాచుసెట్స్‌లో మేస్తున్న ఆవులు.]

1640లో రాజు మళ్ళీ పార్లమెంటుని పిలవక తప్పలేదు. ఇంగ్లండ్‌లో తమ రోజులొచ్చాయని ప్యూరిటన్లకి నమ్మకం కుదిరింది, ఓడలు రావడం దాదాపు ఆగిపోయింది. వందలమంది తిరుగు ప్రయాణం కూడా కట్టారు. అప్పటిదాకా మసాచుసెట్స్ రైతుల రాబడి అంతా కొత్తగా దిగినవాళ్ళకి ఆవుల్ని అమ్మడం మీదే నడిచింది. కొనేవాడు రాకపోయేసరికి ఆవు ధర కొన్ని నెలల్లోనే సగానికి సగం పైగా పడిపోయింది.