ట్యూబు రాస్తే తగ్గి, మానేస్తే మళ్లీ వచ్చే దురద

నమస్కారమండి. ఆషాఢం వచ్చిందంటే మన డెల్టాలో కాలువలు నిండుతాయి, ఊడ్పులు మొదలవుతాయి, ఉక్కపోత మాత్రం తగ్గదు. దాంతోపాటే ఎన్నో ఇళ్లలో దురద మొదలవుతుంది. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, పొట్ట మడతలో, వేళ్ల సందుల్లో. ఆడవాళ్లకు లోపల మంట, తెల్లబట్ట. పైకి చెప్పుకునేవాళ్లు తక్కువ. మా పిన్ని రెండేళ్లు చెప్పుకోలేక పడిన బాధ దగ్గరుండి చూశాను కాబట్టి ఈరోజు నేను చెప్తున్నాను.

పిన్ని భీమవరం వైపు రొయ్యల షెడ్డులో పనిచేసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్లలోనే చేతులు. గ్లౌజులున్నా లోపలికి నీళ్లు దిగితే చెయ్యి అందులోనే నానుతుంది. ముందు నడిమి వేలికీ ఉంగరపు వేలికీ మధ్య చర్మం తెల్లగా మెత్తబడి, పొర ఊడి, పచ్చి పుండు తేలింది. తర్వాత రొమ్ముల కింద ఎర్రటి దద్దురు, దాని చుట్టూ చిన్న చిన్న పొక్కులు. రెండూ కాండిడా అనే ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్, చేసిన పనే. అది ఎక్కడి నుంచో వచ్చి అంటుకున్నది కాదండి. చాలామందికి నోట్లో, పేగుల్లో, యోనిలో కొద్దికొద్దిగా మామూలుగానే ఉంటుంది. తడి, వేడి, ఒరిపిడి, ఒంట్లో ఎక్కువ షుగర్ దొరికితే రెచ్చిపోతుంది. అందుకే "శుభ్రంగా ఉండరు, అందుకే ఇలా" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. పిన్ని రోజూ రెండు పూటలా స్నానం చేసేది. ఒళ్లు ఆరకుండానే జాకెట్టు తొడుక్కుని పనికి పరిగెత్తేది. లోపం ఆ తడిలో ఉంది.

ఇక ట్యూబు సంగతి. మందుల షాపులో "దురదకి ఏదైనా ఇవ్వండి" అంటే ఇచ్చేవాటిలో చాలావరకు ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితో పాటు క్లోబెటాసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. రెండు రోజుల్లో ఎరుపు, దురద మాయం. మానేస్తే మళ్లీ వస్తుంది, ఈసారి ఇంకాస్త వెడల్పుగా. స్టెరాయిడ్ దురదను అణిచేసినట్టే, ఫంగస్‌తో పోరాడే చర్మం శక్తినీ అణిచేస్తుంది. మడతల్లో నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి, అవి పూర్తిగా పోవు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో కేంద్రం చెప్పింది. మా పిన్నిని మాత్రం ఒక్కరోజు కూడా ఎవరూ చీటీ అడగలేదు.

పైగా దురదలన్నీ ఒకటి కాదు. గుండ్రంగా, అంచు లేచి, మధ్యలో మానినట్టు కనిపిస్తే అది తామర కావచ్చు. అది వేరే ఫంగస్, తువ్వాళ్లు, బట్టల ద్వారా ఇంట్లోవాళ్లకు అంటుతుంది. రాత్రిపూట ఇంటిల్లిపాదికీ దురద పుడితే గజ్జి కావచ్చు. తెల్లబట్ట పెరుగు విరిగినట్టు గడ్డలుగా, దురదతో వస్తే ఈస్ట్ అనుకోవచ్చు. పల్చగా, చేపల వాసనతో వస్తే అది ఈస్ట్ కాకపోవచ్చు, మందు వేరు.

చివరికి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ కాస్త చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూసి, వెంటనే షుగర్ పరీక్ష రాశారు. పిన్నికి షుగర్ ఉందని మాకు ఆరోజే తెలిసింది! మగవాళ్లూ వినండి. అంగం చివర చర్మం ఎర్రబడి, చీలికలు పడి మాటిమాటికీ మంట పుడుతుంటే సిగ్గుపడకుండా షుగర్ చూపించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి కాబట్టి వాటివల్ల కూడా ఈ దురద రావచ్చు. మాత్ర మీ అంతట మీరు మానొద్దు, రాసిన డాక్టరుకి చెప్పండి. యాంటీబయాటిక్ కోర్సు వాడాక తెల్లబట్ట మొదలైనా చెప్పండి. ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తే పరీక్ష చేయించాల్సిందే. కొందరికి ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మాత్ర వారానికొకటి చొప్పున ఆరు నెలలు ఇస్తారు. గర్భిణులు మాత్రం ఆ మాత్ర సొంతంగా మింగకూడదు.

ఇంట్లో పిన్ని మార్చినవి చిన్నవే. స్నానమయ్యాక మడతల్లో రుద్దకుండా అద్ది, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే బట్టలు. రొమ్ముల కింద పల్చటి నూలు గుడ్డ, తడవగానే మార్చడం. రబ్బరు గ్లౌజుల లోపల నూలు గ్లౌజులు, రెండు జతలు. వానల్లో లోదుస్తులు ఆరకపోతే ఇస్త్రీ. వేపాకు, పసుపు ముద్ద పెట్టడం మానేసింది, ఎందుకంటే మడతలో ఆ ముద్దే తడిగా కూర్చుంటుంది. డెట్టాల్ నీళ్లతో లోపల కడగడం కూడా వద్దు, మంట పెరుగుతుంది. దద్దురు పోయాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులూ క్రీము రాసింది.

మీరు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న పాత ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. పిన్ని కవర్లో పదకొండు ఉన్నాయి.